తీసేసిన లెన్స్: టైగర్ పటౌడీ ఒంటికంటి క్రికెట్

1961 చివరి నెలల్లో హైదరాబాద్‌లో ఒక మ్యాచ్ జరిగింది. ఒకవైపు టెడ్ డెక్స్‌టర్ నాయకత్వంలో భారత పర్యటనకు వచ్చిన ఎంసీసీ జట్టు. మరోవైపు బోర్డు ప్రెసిడెంట్స్ ఎలెవన్. ఆ జట్టు కెప్టెన్‌కు ఇరవై ఏళ్లు. ఆయన బ్యాటింగ్‌కు వచ్చినప్పుడు కుడికంట్లో కాంటాక్ట్ లెన్స్ ఉంది. బౌలర్ చేతిలోంచి బంతి బయటపడగానే ఆయనకు ఒకటి కాదు, రెండు బంతులు కనిపించాయి. రెండింటికీ మధ్య ఆరేడు అంగుళాల ఎడం.

లోపలివైపు కనిపించిన బంతినే అసలు బంతిగా ఎంచుకుని ఆడుతూ టీ విరామానికి 35 పరుగులు చేశారు. ఆ తర్వాత లెన్స్ తీసేశారు. కుడికన్ను మూసుకుని, ఎడమకంటితోనే మిగతా ఇన్నింగ్స్ ఆడి స్కోరును 70కి చేర్చారు. జట్టులో అదే అత్యధిక స్కోరు.

ఆ యువకుడి పేరు మన్సూర్ అలీఖాన్ పటౌడీ. ఆయన కుడికన్ను దెబ్బతిని అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు. మరికొన్ని వారాల్లో టెస్టు క్రికెటర్, మరికొన్ని నెలల్లో భారత కెప్టెన్ అయ్యారు. ఒంటికంటి పులి కథగా ఈ జీవితాన్ని మన దేశం ఎన్నోసార్లు చెప్పుకుంది. ఆ కథలో సాహసానికి దొరికినంత చోటు ఆ టీ విరామానికి దొరకలేదు. నిజానికి ఆయన తర్వాతి క్రికెట్ అంతా అప్పుడు తీసుకున్న నిర్ణయం మీదే నిలబడింది. డాక్టరు గదిలో అక్షరాల పట్టిక బాగా కనిపించడం వేరు, మైదానంలో బంతి ఎక్కడుందో తెలియడం వేరు. ఆ తేడాను ఆయన బ్యాట్ చేతిలో ఉండగానే తేల్చుకోవాల్సి వచ్చింది.

తండ్రి వదిలి వెళ్లిన ఆట

మన్సూర్ 1941 జనవరి 5న భోపాల్‌లో పుట్టారు. తల్లి సాజిదా సుల్తాన్ భోపాల్ చివరి పాలక నవాబు హమీదుల్లా ఖాన్ కుమార్తె. తండ్రి ఇఫ్తిఖార్ అలీఖాన్, నేటి హర్యానాలో ఉన్న పటౌడీ అనే చిన్న సంస్థానానికి నవాబు. క్రికెట్‌లో ఆ తండ్రిది అరుదైన చరిత్ర. 1932లో ఇంగ్లండ్ తరఫున సిడ్నీలో ఆడిన తొలి టెస్టులోనే సెంచరీ కొట్టారు. అది బాడీలైన్ సిరీస్. కెప్టెన్ డగ్లస్ జార్డిన్ ఎత్తుగడలతో ఆయనకు పొసగలేదు. రెండో టెస్టు తర్వాత జట్టులో చోటు పోయింది. 1946లో భారత జట్టు కెప్టెన్‌గా మళ్లీ ఇంగ్లండ్ వెళ్లారు. భారత్, ఇంగ్లండ్ రెండు జట్ల తరఫునా టెస్టులు ఆడిన ఏకైక క్రికెటర్ ఆయనే.

1952 జనవరి 5న, సరిగ్గా కొడుకు పదకొండో పుట్టినరోజున, ఢిల్లీలో పోలో ఆడుతూ ఇఫ్తిఖార్ మరణించారు. పటౌడీ నవాబు బిరుదు ఆ పిల్లవాడికి వచ్చింది. డెహ్రాడూన్‌లోని వెల్హమ్ స్కూల్లో కొంతకాలం చదివాక మన్సూర్‌ను ఇంగ్లండ్ పంపారు. లాకర్స్ పార్క్ అనే స్కూల్లో ఇంగ్లండ్ పాతతరం దిగ్గజం ఫ్రాంక్ వూలీ దగ్గర శిక్షణ దొరికింది. ఆ తర్వాత వించెస్టర్ కాలేజీ. అక్కడ 1959లో ఒకే సీజన్‌లో 1,068 పరుగులు చేసి, 1919 నుంచి చెక్కుచెదరకుండా ఉన్న స్కూలు రికార్డును బద్దలుకొట్టారు. ఆ పాత రికార్డు ఎవరిదో కాదు, తన తండ్రిని పక్కన పెట్టిన జార్డిన్‌దే.

పదహారేళ్లకే ససెక్స్ కౌంటీకి ఆడారు. ఆక్స్‌ఫర్డ్‌లో బేలియల్ కాలేజీలో చేరి, కేంబ్రిడ్జ్‌పై ఆడిన తొలి మ్యాచ్‌లోనే సెంచరీ చేశారు. 1961లో ఆక్స్‌ఫర్డ్ జట్టుకు కెప్టెన్ అయ్యారు. ఆ పదవి దక్కిన తొలి భారతీయుడు ఆయనే. ఆ వేసవిలో పరుగుల వరద పారింది. ఒక సీజన్‌లో ఆక్స్‌ఫర్డ్ తరఫున తండ్రి నెలకొల్పిన రికార్డు చేతికి అందేంత దూరంలో ఉంది. పేస్ బౌలింగ్‌ను హుక్, పుల్ షాట్లతో ఎదుర్కొనే ఈ కుర్రాడి గురించి ఇంగ్లండ్ క్రికెట్ వర్గాలు అప్పటికే మాట్లాడుకుంటున్నాయి.

హోవ్‌లో ఒక రాత్రి

1961 జూలై 1. ససెక్స్‌తో మ్యాచ్ కోసం ఆక్స్‌ఫర్డ్ జట్టు హోవ్‌లో ఉంది. రాత్రి భోజనం చేసి ఆటగాళ్లు హోటల్‌కు తిరిగి వెళ్తున్నారు. కొందరు నడక మొదలుపెట్టారు. మన్సూర్ ఒక సహచరుడితో కలిసి చిన్న కారెక్కారు. ఎదురుగా మరో కారు రోడ్డు మధ్యలోకి రావడంతో రెండూ ఢీకొన్నాయి. భుజానికి దెబ్బ తగిలింది. ముందు అదనంగా అనిపించింది అంతే. పగిలిన ముందు అద్దంలోంచి ఒక గాజుముక్క కుడికంట్లోకి దిగిందని ఆసుపత్రికి వెళ్లాకే తెలిసింది.

వెంటనే శస్త్రచికిత్స చేశారు. కన్ను మిగిలింది, చూపు మాత్రం దాదాపు పోయింది. ఆ వయసు ఆటగాడికి మొదట తెలిసొచ్చిన నష్టం క్రికెట్‌ది కాదు. జగ్గులోంచి గ్లాసులోకి నీళ్లు వంపితే అవి బల్ల మీద పడేవి. సిగరెట్ వెలిగించబోతే అగ్గిపుల్ల సిగరెట్ కొసను కాస్తలో తప్పేది. చేతికందే దూరంలోని వస్తువు ఎంత దూరంలో ఉందో చెప్పడానికి మెదడుకు రెండు కళ్లూ కావాలి. రెండు కళ్లూ కాస్త వేర్వేరు కోణాల్లో చూసిన బొమ్మలను మెదడు కలిపి లోతును లెక్కగడుతుంది. ఒక కన్ను పోతే ఆ లెక్క చెల్లాచెదురవుతుంది.

కొన్ని వారాలకే ఆయన మళ్లీ నెట్స్‌లో బ్యాట్ పట్టుకున్నారు. బంతి పిచ్ అయిన చోటు దొరికేది కాదు. తెలిసిన షాట్లే తప్పిపోయేవి. అయినా మానలేదు. దూరం నుంచి వచ్చే వస్తువు విషయంలో ఒంటికంటికి కూడా కొన్ని ఆధారాలు ఉంటాయి. బంతి పరిమాణం పెరిగే వేగం, నేపథ్యంతో పోలిస్తే అది కదిలే తీరు, బౌలర్ చేయి తిరిగే పద్ధతి. మెదడు వీటిని కొత్తగా నేర్చుకోవాలి. అందుకు అభ్యాసమే మార్గం. ఆ నేర్చుకునే సమయంలోనే డాక్టర్లు కాంటాక్ట్ లెన్స్ ఇచ్చారు.

లెన్స్ ఏం చేసింది, ఏం చేయలేకపోయింది

కంట్లోకి వచ్చే వెలుగును వంచి రెటీనా మీద బొమ్మ కట్టించే పనిలో మూడింట రెండు వంతులు ముందున్న పారదర్శక పొర, అంటే కార్నియాది. మిగతా భాగం కంటిపాప వెనక ఉండే సహజ కటకానిది. గాయం వల్ల ఆ కటకం పోతే కన్ను చూడగలదు గానీ ఏదీ స్పష్టంగా ఉండదు. ఆ లోటును మందపాటి కళ్లద్దంతో పూడిస్తే, ఆ కంట్లో బొమ్మ రెండో కంటి బొమ్మ కంటే పాతిక శాతం దాకా పెద్దదవుతుంది. రెండింటినీ కలపడం మెదడు వల్ల కాదు. అదే శక్తి ఉన్న లెన్స్‌ను నేరుగా కంటి మీద పెడితే ఆ తేడా పది శాతం లోపుకు తగ్గుతుంది. ఒక కంట్లో మాత్రమే కటకం పోయిన వాళ్లకు డాక్టర్లు కాంటాక్ట్ లెన్స్ సూచించడానికి ఇదే కారణం.

పటౌడీ విషయంలోనూ కాగితం మీద లెక్క కుదిరింది. లెన్స్ పెట్టుకుంటే కుడికంటి చూపు దాదాపు తొంభై శాతం వచ్చేది. అయితే రెండు కళ్ల బొమ్మలూ ఒకటిగా కలవలేదు. ఒక్కో కన్ను విడివిడిగా బాగానే చూస్తోంది, రెండూ కలిసి మాత్రం రెండు ప్రపంచాలను చూపిస్తున్నాయి. గది గోడ మీది అక్షరాలు చదవడానికి అది పెద్ద అడ్డంకి కాకపోవచ్చు. గంటకు ఎనభై తొంభై మైళ్ల వేగంతో వచ్చే బంతి పిచ్ మధ్యలో రెండుగా చీలిపోతే, ఏది అసలు బంతో తేల్చుకోవడానికి సగం క్షణం కూడా ఉండదు. హైదరాబాద్‌లో ఆయనకు ఎదురైంది ఇదే.

అప్పటి లెన్స్ కూడా నేటి లెన్స్ లాంటిది కాదు. 1948లో అమెరికాలో కెవిన్ టూయీ రూపొందించిన పద్ధతిలో, నల్లగుడ్డు మేరకే అతుక్కునే చిన్న గట్టి ప్లాస్టిక్ లెన్సులు వాడుకలోకి వచ్చాయి. ఆ ప్లాస్టిక్‌లోంచి ఆక్సిజన్ దూరదు. ఎక్కువసేపు పెట్టుకుంటే కన్ను ఎర్రబడి మండుతుంది. రెప్ప గట్టిగా కొట్టినా, ఒక్కసారిగా తల తిప్పినా జారిపోవచ్చు. లెన్స్ కిందకు ఇసుక రేణువు చేరితే అది కార్నియా మీద గీతలు పెడుతుంది. ఎండ, దుమ్ము, చెమట కలిసే భారతీయ మైదానాల్లో రోజంతా ఫీల్డింగ్ చేసే ఆటగాడికి అలాంటి లెన్స్ పెద్ద పరీక్షే.

కాలం ఆయన మీద మరో చిన్న వింత కూడా ఆడింది. పటౌడీ లెన్స్ తీసేసిన ఆ శీతాకాలంలోనే, 1961 క్రిస్మస్ రోజుల్లో, ప్రేగ్‌లో రసాయన శాస్త్రవేత్త ఒట్టో విచ్టర్లే తన ఇంటి వంటింటి బల్ల మీద పిల్లల బొమ్మల సెట్‌తో ఒక యంత్రం కట్టి, నీటిని పీల్చుకునే మెత్తని పదార్థంతో మొదటి సాఫ్ట్ లెన్సులు తయారుచేశారు. అవి అమెరికాలో అమ్మకానికి అనుమతి పొందింది 1971లో. మరోవైపు లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు 1949లోనే కంటి లోపల కృత్రిమ కటకం అమర్చారు. యుద్ధంలో పైలట్ల కళ్లలో గుచ్చుకున్న ప్లాస్టిక్ ముక్కలు కంటికి హాని చేయకుండా ఉండిపోవడం ఆయనకు ఆ ఆలోచన ఇచ్చింది. వైద్య వర్గాల్లో వ్యతిరేకత వల్ల ఆ చికిత్స సాధారణం కావడానికి దశాబ్దాలు పట్టింది. పటౌడీ కన్ను దెబ్బతిన్న సమయానికి ఈ రెండు దారులూ పుట్టాయి గానీ, ఆయన దాకా రాలేదు.

టోపీ అంచు, తెరుచుకున్న స్టాన్స్

లెన్స్ పోయాక మిగిలింది ఆటను మార్చుకోవడం. ఆయన బ్యాటింగ్ చేసేటప్పుడు టోపీ అంచును కుడికంటి మీదకు లాక్కునేవారు. మసకగా కనిపించే రెండో బొమ్మ అలా మరుగున పడేది. బౌలర్ వైపు ఛాతీని మరికాస్త తిప్పి నిలబడటం మొదలుపెట్టారు, ఎడమకన్ను బంతి దారిని మొత్తం చూసేలా. కుడిచేతి బ్యాటర్ పక్కకు తిరిగి నిలబడితే బౌలర్‌కు దగ్గరగా ఉండేది ఎడమకన్నే. ఆ రకంగా పోయింది కుడికన్ను కావడం ఒక్కటే కాస్త ఊరట. ఎదుగుతున్న వయసులో ఎంతో ఇష్టంగా ఆడిన హుక్ షాట్‌ను మాత్రం చాలావరకు వదులుకోవాల్సి వచ్చింది.

1961 డిసెంబరులో ఢిల్లీలో ఇంగ్లండ్‌పై తొలి టెస్టు ఆడారు. ప్రమాదం జరిగి అప్పటికి ఆరు నెలలు నిండలేదు. ఆ మ్యాచ్‌లో చేసింది 13 పరుగులే. తర్వాత కలకత్తాలో 64, 32. మద్రాసులో 103. ఆ రెండు టెస్టులూ భారత్ గెలిచి, ఇంగ్లండ్‌పై మొట్టమొదటిసారి సిరీస్ గెలుచుకుంది.

వెంటనే వెస్టిండీస్ పర్యటన. బార్బడోస్ జట్టుతో ఆడుతుండగా చార్లీ గ్రిఫిత్ బంతి భారత కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ తలకు తగిలింది. పుర్రె చిట్లింది. ప్రాణాపాయం నుంచి బయటపడినా ఆయన మళ్లీ టెస్టు ఆడలేదు. ఆయనకు రక్తమిచ్చిన వారిలో ప్రత్యర్థి కెప్టెన్ ఫ్రాంక్ వోరెల్ కూడా ఉన్నారు. వైస్ కెప్టెన్‌గా ఉన్న పటౌడీకి 1962 మార్చి 23న బ్రిడ్జ్‌టౌన్‌లో జట్టు పగ్గాలు అందాయి. అప్పుడు ఆయన వయసు 21 ఏళ్ల 77 రోజులు. టెస్టు చరిత్రలో అంత చిన్న వయసు కెప్టెన్ అంతకుముందు లేడు. ఆ రికార్డు 2004 దాకా నిలిచింది.

హెల్మెట్ లేని రోజులవి. టెస్టు క్రికెట్లో హెల్మెట్లు కనిపించడానికి ఇంకా పదిహేనేళ్లకు పైగా పట్టింది. సహచరుడి తల పగిలిన వారంలోనే, చూపున్న ఒకే ఒక కన్నుతో, ముఖానికి ఏ అడ్డూ లేకుండా ఆయన వెస్ హాల్ బౌలింగ్‌ను ఎదుర్కొన్నారు. తప్పిపోయిన ఒక్క బంతి ఆ రెండో కంటిని కూడా తీసుకుపోగలదు. ఆయన ధైర్యం గురించి చెప్పేటప్పుడు పరుగుల కంటే ముందు చెప్పాల్సింది ఈ ప్రమాదాన్ని. దాన్ని ఆదర్శంగా మాత్రం తీసుకోకూడదు. ఒక కన్ను మాత్రమే బాగున్న వారు బంతి ఆటలు ఆడితే రక్షణ కళ్లజోడు తప్పనిసరి అన్నది నేడు కంటి వైద్యుల మాట.

లీడ్స్‌లో రెండు జతల కళ్లు

కెప్టెన్‌గా ఆయన తెచ్చిన మార్పు ఆలోచనలో. ఫాస్ట్ బౌలర్లు లేరని చింతించడం మాని, ఉన్న బలం మీద జట్టు కట్టారు. ప్రసన్న, బేడీ, చంద్రశేఖర్, వెంకటరాఘవన్ అనే నలుగురు స్పిన్నర్లు ఆయన నాయకత్వంలోనే ఒక శక్తిగా ఎదిగారు. స్పిన్‌కు దగ్గరి ఫీల్డింగ్ ప్రాణం కాబట్టి ఫీల్డింగ్ ప్రమాణం పెంచారు. తాను కవర్స్‌లో నిలబడి ముందుండి చూపించారు. ఒంటికంటి మనిషి దేశంలోని మేటి ఫీల్డర్లలో ఒకరు కావడం వింతగా అనిపిస్తుంది. పరుగెత్తుతూ బంతి వైపు దూసుకెళ్లే ఫీల్డర్‌కు కదలికే దూరాన్ని చెబుతుంది. ఆయన వేగం, ముందే ఊహించే తెలివి మిగతాది పూరించాయి. జట్టులో ఎవరు ఏ ప్రాంతం వారన్నది పక్కన పెట్టి, అందరూ భారత్‌కు ఆడుతున్నామన్న భావన పెంచిన కెప్టెన్‌గా సహచరులు ఆయన్ను గుర్తుచేసుకుంటారు.

1964లో ఢిల్లీలో ఇంగ్లండ్‌పై చేసిన 203 నాటౌట్ ఆయన అత్యధిక టెస్టు స్కోరు. అయితే ఆయన ఆటను అర్థం చేసుకోవడానికి 1967 హెడింగ్లీ టెస్టు మరింత ఉపయోగపడుతుంది. ఇంగ్లండ్ నాలుగు వికెట్లకు 550 చేసి డిక్లేర్ చేసింది. అందులో జెఫ్రీ బాయ్‌కాట్‌వి 246. భారత్ 164కే కుప్పకూలింది, పటౌడీ 64. ఫాలోఆన్‌లో ఆయన 148 చేయగా జట్టు 510కి చేరింది. ఓటమి తప్పలేదు గానీ, ముగిసిపోయిందనుకున్న మ్యాచ్‌లో ఇంగ్లండ్ మళ్లీ బ్యాటింగ్ చేయాల్సి వచ్చింది.

ఆ మ్యాచ్‌లో బాయ్‌కాట్ కళ్లజోడుతో ఆడారు. తర్వాతి సంవత్సరాల్లో ఆయన కాంటాక్ట్ లెన్సులకు మారి, వాటితోనే సుదీర్ఘ కెరీర్ కొనసాగించారు. ఒకే పరికరం ఒకరికి వరమై మరొకరికి ఆటంకమైంది. కారణం సులభం. బాయ్‌కాట్ రెండు కళ్లూ ఆరోగ్యంగా ఉండి, చూపు దోషం మాత్రమే ఉన్న మనిషి. అలాంటివారికి లెన్స్ కళ్లజోడు కంటే మేలు. చెమటకు జారదు, వానకు తడిసి మసకబారదు, పక్కచూపుకు ఫ్రేమ్ అడ్డు రాదు. పటౌడీది గాయపడిన కన్ను. ఆయనకు కావాల్సింది స్పష్టమైన రెండో బొమ్మ కాదు, నమ్మదగిన ఒకే బొమ్మ.

ఆ ఏడాది చివర్లో ఆస్ట్రేలియా పర్యటనలో తొడ కండరం పట్టేసి మొదటి టెస్టుకు దూరమయ్యారు. పూర్తిగా కోలుకోకుండానే మెల్‌బోర్న్‌లో దిగి 75, 85 పరుగులు చేశారు. 1968 ఆరంభంలో న్యూజిలాండ్‌ వెళ్లిన జట్టు డునెడిన్‌లో గెలిచింది. విదేశీ గడ్డ మీద భారత్‌కు అదే తొలి టెస్టు విజయం. సిరీస్‌ను కూడా 3-1తో గెలుచుకుంది. అదే ఏడాది డిసెంబరులో నటి షర్మిలా ఠాగూర్‌తో వివాహమైంది. మరుసటి ఏడాది వచ్చిన ఆత్మకథ టైగర్స్ టేల్‌లో, తాను ఒకప్పుడు కోరుకున్న పరిపూర్ణత కంటే తక్కువతో సరిపెట్టుకోవాల్సి వచ్చిందని దాపరికం లేకుండా రాశారు.

హైదరాబాద్ ఆటగాడు

1960ల మధ్య నుంచి దేశవాళీ క్రికెట్లో ఆయన చిరునామా హైదరాబాద్. అక్కడ కెప్టెన్ ఆయన కాదు, ఎం.ఎల్. జయసింహ. భారత జట్టులో జయసింహకు పటౌడీ కెప్టెన్. రంజీ ట్రోఫీలో పటౌడీకి జయసింహ కెప్టెన్. ఈ తారుమారు ఇద్దరి స్నేహానికీ ఏనాడూ అడ్డు కాలేదు. ఆక్స్‌ఫర్డ్ రోజుల సహచరుడు అబ్బాస్ అలీ బేగ్ కూడా ఆ జట్టులో ఉన్నారు. ఇంతమంది ఉన్నా ఆ కాలంలో హైదరాబాద్ రంజీ ట్రోఫీ గెలవలేదు. 1937-38 తర్వాత మళ్లీ 1986-87లోనే ఆ కప్పు నగరానికి వచ్చింది. ఫతే మైదాన్‌లో ఆయన్ను చూసిన తరం మాత్రం ట్రోఫీ లెక్కలతో ఆయన్ను కొలవలేదు.

1971 జనవరిలో సెలెక్షన్ కమిటీ చైర్మన్ విజయ్ మర్చంట్ వేసిన అదనపు ఓటుతో కెప్టెన్సీ అజిత్ వాడేకర్‌కు వెళ్లింది. వెస్టిండీస్ పర్యటనకు వెళ్లకుండా పటౌడీ గుర్గావ్ నుంచి లోక్‌సభకు పోటీచేసి ఓడిపోయారు. ఆ ఏడాది చివర్లోనే రాజ్యాంగ సవరణతో రాజభరణాలు, బిరుదులు రద్దయ్యాయి. తర్వాత స్కోరుకార్డుల్లో ఆయన పేరు మన్సూర్ అలీఖాన్‌గా మారింది. 1973లో మద్రాసులో ఇంగ్లండ్‌పై 73 పరుగులతో తిరిగివచ్చారు.

1974-75లో వెస్టిండీస్‌పై ఆయనకు మళ్లీ కెప్టెన్సీ ఇచ్చారు. మొదటి రెండు టెస్టులూ ఓడిన భారత్ కలకత్తా, మద్రాసుల్లో గెలిచి సిరీస్‌ను సమం చేసింది. చివరి టెస్టు బొంబాయిలో కొత్తగా కట్టిన వాంఖడే స్టేడియంలో. ఆ సిరీస్‌లో ఆయన బ్యాట్ పలకలేదు. ఎదుటి జట్టుకు కొత్త కెప్టెన్ క్లైవ్ లాయిడ్. మందపాటి కళ్లజోడు పెట్టుకుని ఆడే ఈయనకూ కంటి కథ ఒకటి ఉంది. పన్నెండేళ్ల వయసులో స్కూల్లో గొడవ ఆపబోయి కంటికి దెబ్బ తగిలించుకున్నారు. వాంఖడేలో లాయిడ్ 242 నాటౌట్ చేశారు, వెస్టిండీస్ సిరీస్ గెలిచింది. కళ్లు దెబ్బతిన్న ఇద్దరు కెప్టెన్లలో ఒకరి ప్రయాణం అలా ముగిసింది, మరొకరి యుగం అలా మొదలైంది.

46 టెస్టులు, 2,793 పరుగులు, ఆరు సెంచరీలు, సగటు 34.91. కెప్టెన్‌గా 40 టెస్టుల్లో 9 విజయాలు, 19 ఓటములు. ఇవి గొప్ప బ్యాటర్ అంకెలు కావని చెప్పేవారు ఉన్నారు. రెండు కళ్లూ ఉంటే ఎక్కడికి వెళ్లేవారో అని లెక్కలు వేసేవారూ ఉన్నారు. ఆయన ఆ లెక్కల జోలికి వెళ్లలేదు. ఔటైనప్పుడు కన్నును సాకుగా చూపలేదు.

ఈనాటి ఆటగాడికి

ఇప్పుడు పటౌడీలాంటి గాయంతో ఒక కుర్రాడు ఆసుపత్రికి వస్తే దారులు చాలా ఉన్నాయి. కంటి లోపలే కృత్రిమ కటకం అమర్చవచ్చు. గాయంతో ఎగుడుదిగుడైన కార్నియాకు ఆక్సిజన్ ప్రసరించే గట్టి లెన్సులు ఉన్నాయి. మామూలు చూపు దోషం ఉన్న ఆటగాడికి రోజూ కొత్తది పెట్టుకుని సాయంత్రం పారేసే మెత్తని లెన్సులు ఉన్నాయి. కదలికకు జారవు, దుమ్ము పడినా మర్నాటికి మిగలదు.

పరికరం మెరుగైనా క్రమశిక్షణ అవసరం తగ్గలేదు. లెన్స్ ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడిగి పూర్తిగా ఆరబెట్టుకోవాలి. మైదానంలో జారిపడిన లెన్స్‌ను కుళాయి నీటితోనో ఉమ్మితోనో తడిపి మళ్లీ పెట్టుకోవడం ప్రమాదం. నీటిలో బతికే అకాంతమీబా అనే సూక్ష్మజీవి లెన్స్ కింద చేరితే కార్నియాను తినేస్తుంది, చికిత్స నెలల తరబడి సాగుతుంది. ఈతకు దిగేముందు లెన్స్ తీసేయాలన్నది అందుకే. మళ్లీ వాడే లెన్సులైతే డబ్బీలోని పాత ద్రావణం మీద కొత్తది పోయకుండా ప్రతిసారీ మార్చాలి. డబ్బీని కూడా మూడు నెలలకొకసారి మార్చాలి. కిట్ బ్యాగులో అదనపు జత, కళ్లజోడు ఉండాలి. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుగు చూడలేకపోయినా ముందు లెన్స్ తీసి, ఆ తర్వాత డాక్టరును కలవాలి. లెన్స్ బంతి దెబ్బను ఆపదని కూడా గుర్తుంచుకోవాలి.

వీటన్నిటికంటే ముందుది పటౌడీ అనుభవం చెప్పే పాఠం. కొత్త లెన్స్‌ను పరీక్షించాల్సిన చోటు మ్యాచ్ కాదు, నెట్స్. అక్కడ బంతి ఒకటిగా, ఉన్నచోటే కనిపించకపోతే, పట్టిక మీద చూపు ఎంత బాగున్నా ఆ లెన్స్ ఆ ఆటకు పనికిరాదు. తీసేయడానికి సంకోచించకూడదు.

చివరి చూపు

రిటైరయ్యాక ఆయన స్పోర్ట్స్‌వరల్డ్ పత్రికకు సంపాదకత్వం వహించారు. 1993లో రెండు టెస్టులకు మ్యాచ్ రెఫరీగా పనిచేశారు. 1991లో భోపాల్ నుంచి మళ్లీ లోక్‌సభకు పోటీచేసి ఓడిపోయారు. 2005లో హర్యానాలో కృష్ణజింకల వేట కేసులో ఆయన పేరు రావడం చివరి సంవత్సరాలకు మచ్చ తెచ్చింది. ఇంగ్లండ్ గడ్డ మీద భారత్‌తో జరిగే టెస్టు సిరీస్‌కు 2007లో పటౌడీ ట్రోఫీ అని పేరు పెట్టారు. తండ్రీకొడుకులిద్దరికీ చెందిన గౌరవమది.

2011 సెప్టెంబరు 22న ఊపిరితిత్తుల వ్యాధితో ఢిల్లీలో కన్నుమూశారు. వయసు 70. మర్నాడు పటౌడీలో అంత్యక్రియలు జరిగాయి. అంతకుముందే, ఆయన కోరిక ప్రకారం, నేత్రదానం పూర్తయింది. సగం శతాబ్దం పాటు ఒక్క కంటితో బంతినీ, మనుషులనూ, లోకాన్నీ చూసిన మనిషి, వెళ్తూ వెళ్తూ ఆ చూపును మరొకరి కోసం వదిలి వెళ్లారు.